ఊరి రేడియో పెట్టాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వాలంటీర్లతో గ్రామీణ ప్రాంతంలో కమ్యూనిటీ రేడియో నడపాలనుకునే ప్రతి బృందానికీ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తాయి. పని సాగే క్రమంలో వాటిని ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన దగ్గర చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అందరి చేతిలో ఫోన్ ఉంది కదా, ఇంకా ఎఫ్.ఎమ్. ఎందుకు?

ఫోన్‌లో వినాలంటే డేటా కావాలి, సిగ్నల్ కావాలి, చార్జింగ్ కావాలి, వెతికి నొక్కే ఓపిక కావాలి. రేడియోకు రెండు సెల్స్ చాలు. పొలంలో పని చేస్తూనో, వంట చేస్తూనో వినవచ్చు. తుపానుకు సెల్ టవర్లు పడిపోయినా, బ్యాటరీ మీద నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్ (ప్రసార యంత్రం) పనిచేస్తూనే ఉంటుంది. పైగా పది మంది విన్నా పది వేల మంది విన్నా కేంద్రానికి అయ్యే ఖర్చు ఒకటే. అయితే మీ ప్రాంతంలో రేడియో సెట్లు దాదాపు కనబడకపోతే, ఫోన్లలోనూ ఎఫ్.ఎమ్. సదుపాయం లేకపోతే, ముందు రికార్డింగులు ఫోన్లకు పంపే పద్ధతితో మొదలుపెట్టండి. సొంత మాటల మీద ఆసక్తి పుట్టాక ట్రాన్స్‌మిటర్ గురించి ఆలోచించవచ్చు.

మా ప్రాంతానికి రేడియో అవసరమని ఎలా తేల్చుకోవాలి?

"రేడియో కావాలా?" అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. ఆ జవాబు పనికిరాదు. "నిన్న మీకు తెలియక నష్టపోయిన విషయం ఏది?", "ఏ వేళలో మీ చెవులు ఖాళీగా ఉంటాయి?", "ఇంట్లో రేడియో ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడగండి. ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లను, కూలి పనికి వెళ్లేవాళ్లను, ముసలివాళ్లను, చదువుకునే పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి. అందరూ ఒకచోట ఉంటే పెద్ద గొంతు ఉన్నవాళ్ల జవాబే అందరి జవాబు అవుతుంది. తొలి ఆరు నెలల కార్యక్రమాల పట్టిక ఈ జవాబుల నుంచే పుట్టాలి.

లైసెన్సు వచ్చేలోపు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టవచ్చా?

వద్దు. చాలా దేశాల్లో అది నేరం. పరికరాలు జప్తు చేస్తారు, తరువాత పెట్టుకునే దరఖాస్తు మీద కూడా ఆ ప్రభావం పడుతుంది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ఎఫ్.ఎమ్. బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిసిన వెంటనే విమానాల దారి చూపే, మాట్లాడే ఫ్రీక్వెన్సీలు మొదలవుతాయి. ఫిల్టర్లు సరిగా లేని చవక ట్రాన్స్‌మిటర్ అనుకున్న చోటే కాకుండా పక్కన కూడా తరంగాలు చిమ్ముతుంది.

లైసెన్సు ఎవరికి ఇస్తారు? ఎంత పవర్ ఇస్తారు?

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో కమ్యూనిటీ రేడియోకు ప్రసార శక్తి హద్దు సాధారణంగా 100 వాట్ల ఇ.ఆర్.పి. (కేబుల్ నష్టం తీసేసి, యాంటెనా లాభం కలిపి లెక్కించే ప్రసార శక్తి), మాస్టు (యాంటెనాను మోసే ఎత్తయిన స్తంభం) ఎత్తు 30 మీటర్లు. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు ఇవ్వరు. సంస్థ పేరు మీదే దరఖాస్తు చేయాలి. అమెరికాలో 2000లో మొదలైన తక్కువ పవర్ ఎఫ్.ఎమ్. విధానం 30 మీటర్ల ఎత్తులో 100 వాట్లు అనుమతిస్తుంది, కానీ వాణిజ్య ప్రకటనలు కూడదు. బ్రిటన్‌లో 2004లో వచ్చిన ప్రత్యేక ఉత్తర్వు కమ్యూనిటీ రేడియోను విడి తరగతిగా గుర్తించింది. ఎక్కడైనా సరే, పరికరాలు కొనకముందే నాలుగు విషయాలు లిఖితపూర్వకంగా తెలుసుకోండి: గరిష్ఠ ఇ.ఆర్.పి., గరిష్ఠ మాస్టు ఎత్తు, ప్రకటనల పరిమితి, వార్తల మీద ఉన్న నిబంధన. ధ్రువీకరణ లేని ట్రాన్స్‌మిటర్‌ను ముందే కొనేసి, తరువాత అనుమతి రాక మూలన పెట్టిన బృందాలు చాలా ఉన్నాయి.

అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూడాలంటున్నారు. అప్పటిదాకా ఏం చేయాలి?

ఆ సమయం చాలా విలువైనది. వారానికి రెండు అరగంట కార్యక్రమాలు రికార్డు చేసి, ఊరి కూడళ్లలో స్పీకర్ పెట్టి వినిపించండి. విన్నవాళ్ల ముఖాలు చూస్తే ఎక్కడ విసుగు పుడుతోందో తెలుస్తుంది. ప్రసారం మొదలయ్యే నాటికి కాలంతో సంబంధం లేని కార్యక్రమాలు కనీసం 30 గంటలు చేతిలో ఉండాలి. పంటకోతల వారంలో వాలంటీర్లు రానప్పుడు ఆ నిల్వే కేంద్రాన్ని నిలబెడుతుంది.

## చోటు, మాస్టు, యాంటెనా

50 వాట్ల ట్రాన్స్‌మిటర్ ఎన్ని కిలోమీటర్లు వినిపిస్తుంది?

సమతల ప్రాంతంలో, 30 మీటర్ల ఎత్తున యాంటెనా ఉంటే, ఇంట్లో చిన్న రేడియోలో 5, 6 కిలోమీటర్ల వరకు శుభ్రంగా, ఆరుబయటనో కారులోనో 10 నుంచి 12 కిలోమీటర్ల వరకు వినిపిస్తుందని లెక్క వేసుకోండి. కొండ అడ్డం వస్తే దాని వెనక ఊరు దగ్గరగా ఉన్నా వినిపించదు. ఎఫ్.ఎమ్. తరంగాలు దాదాపు చూపు మేరకే వెళతాయి. యాంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 30 మీటర్లకు అది సుమారు 22 కిలోమీటర్లు. అది హద్దు మాత్రమే, అంత దూరం స్పష్టంగా వినిపిస్తుందన్న హామీ కాదు.

డబ్బు ఉంటే ఎక్కువ వాట్ల ట్రాన్స్‌మిటర్ కొనడం మంచిదేనా?

కాదు. ఆ డబ్బు ఎత్తు మీద, కేబుల్ మీద పెట్టండి. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలంలో తేడాను చెప్పే కొలత). వినేవాడు ఆ తేడాను గుర్తించడమే కష్టం. అదే సమతల నేల మీద యాంటెనా ఎత్తు రెట్టింపు చేస్తే దూరపు ఊళ్లలో కలిగే ప్రయోజనం పవర్‌ను నాలుగు రెట్లు చేసినంత ఉంటుంది. కరెంటు బిల్లు పెరగదు, వేడి పెరగదు. కొండ మీదో గుట్ట మీదో చోటు దొరికితే 20 వాట్లతో కూడా లోతట్టున పెట్టిన 100 వాట్లకంటే బాగా వినిపించవచ్చు. కాకపోతే అక్కడికి దారి ఉందా, కరెంటు ఉందా, రాత్రి ఎవరు కాపలా అన్నవి ముందే చూసుకోవాలి.

యాంటెనా ఏ రకం? ఎలా బిగించాలి?

ఒక హాఫ్ వేవ్ డైపోల్‌తో, అంటే సుమారు అర తరంగమంత పొడవున్న రెండు ముక్కల కడ్డీ యాంటెనాతో మొదలుపెట్టవచ్చు. 100 మెగాహెర్ట్జ్‌కు దాని మొత్తం పొడవు సుమారు 1.42 మీటర్లు, 142.5ను మీ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీకు కావలసిన పొడవు వస్తుంది. ఇలాంటివి రెండు సరైన ఎడంతో ఒకదాని కింద ఒకటి పెట్టి ఒకే ఫేజ్‌లో (రెండింటి తరంగాలూ ఒకేసారి లేచి పడేలా) కలిపితే దాదాపు 3 డెసిబెల్స్ లాభం. నిలువు పోలరైజేషన్ (డైపోల్‌ను నిలువుగా పెట్టడం) మేలు, ఎందుకంటే చేతి రేడియోల కడ్డీ, కారు కడ్డీ నిలువుగానే ఉంటాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు డైపోల్‌ను ఇనుప మాస్టు పక్కనే ఆనించి బిగించడం. అప్పుడు మాస్టు కూడా యాంటెనాలో భాగమై ఒక దిక్కుకు సిగ్నల్ తగ్గిపోతుంది, ట్యూనింగ్ కూడా చెడుతుంది. మాస్టు కొనకు పైన పెట్టడం ఉత్తమం. పక్కన పెట్టక తప్పకపోతే పావు తరంగం, అంటే సుమారు 75 సెంటీమీటర్ల ఎడం ఇచ్చి, ఎక్కువ ఊళ్లున్న దిక్కుకు ఉంచండి.

కేబుల్ ఏదైనా ఒకటే కదా?

ఇక్కడే ఎక్కువ కేంద్రాలు నష్టపోతాయి. 40 మీటర్ల కేబుల్, 100 మెగాహెర్ట్జ్ అనుకుందాం. సన్నని ఆర్‌జీ-58 వాడితే 6 డెసిబెల్స్‌కు పైగా పోతుంది. 50 వాట్లలో పైకి చేరేది పన్నెండు వాట్లు కూడా ఉండదు. ఆర్‌జీ-213 అయితే సగానికి కొంచెం ఎక్కువ, సుమారు 27 వాట్లు చేరతాయి. అర అంగుళం ఫోమ్ హార్డ్‌లైన్ (లోహపు తొడుగున్న లావు కేబుల్) అయితే 40 వాట్లు. కేబుల్ మార్చడమంటే పవర్ పెంచినట్టే. ట్రాన్స్‌మిటర్‌ను మాస్టు పాదం దగ్గరే చిన్న గదిలో పెట్టి, స్టూడియో నుంచి మాటను అక్కడికి పంపితే కేబుల్ పొడవు ఇంకా తగ్గుతుంది.

బయట ఉండే ప్రతి కనెక్టర్‌కూ సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) కింద నుంచి పైకి చుట్టి, దానిమీద మామూలు పీవీసీ టేపు వేయాలి. పై నుంచి కిందికి చుడితే మడతల్లో నీళ్లు నిలుస్తాయి. కేబుల్ గదిలోకి వచ్చేచోట కిందికి ఒక వంపు వదలండి, వాననీరు గోడ లోపలికి రాకుండా అక్కడే కారిపోతుంది.

ఎస్.డబ్ల్యు.ఆర్. ఎంత ఉండాలి? వానపడితే ఎందుకు పెరుగుతోంది?

ఎస్.డబ్ల్యు.ఆర్. అంటే పంపిన పవర్‌లో యాంటెనా తీసుకోక వెనక్కి ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె. అది 1.5 లోపల ఉంటే నిశ్చింత. అప్పుడు వెనక్కి తిరిగొచ్చే పవర్ 4 శాతమే. 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం. మంచి ట్రాన్స్‌మిటర్లు 2 దాటగానే తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి. చవకవాటిలో ఆ రక్షణ ఉండదు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. వానలో పెరిగి ఎండకు తగ్గుతుంటే కనెక్టర్‌లోకో కేబుల్‌లోకో నీళ్లు దిగాయని అర్థం. తుడిచి ఊరుకోవద్దు. రాగి అల్లిక నల్లబడిందేమో కోసి చూసి, నల్లబడినంత మేర తీసేసి కొత్త కనెక్టర్ వేయండి. ఇంకో మాట: యాంటెనా గానీ డమ్మీ లోడ్ (యాంటెనాకు బదులు పవర్‌ను వేడిగా మార్చుకునే పరికరం) గానీ తగిలించకుండా ట్రాన్స్‌మిటర్‌ను క్షణం కూడా ఆన్ చేయకూడదు.

పిడుగు పడితే?

నేరుగా పడిన పిడుగును పూర్తిగా ఆపే పరికరం లేదు. నష్టాన్ని తగ్గించుకోగలం. మాస్టు పాదం దగ్గర రాగి పూత కడ్డీలు భూమిలోకి దిగేసి, వెడల్పాటి రాగి పట్టీతో వంపులు లేకుండా కలపండి. ఎర్త్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌ల లోపు ఉండేలా చూడండి. ఎండాకాలంలో నేల ఎండితే పెరుగుతుంది కాబట్టి అప్పుడే కొలవాలి. కేబుల్ గదిలోకి వచ్చేచోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (హెచ్చు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం: మాస్టు ఎర్త్, కరెంటు ఎర్త్, స్టూడియో ఎర్త్ మూడూ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. విడివిడిగా ఉంటే పిడుగు దూరాన పడినా వాటి మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, ఆ తేడా మీ మిక్సర్ (మైకుల శబ్దాలను కలిపే పరికరం) గుండా పారుతుంది. ఉరుములు దగ్గరైతే ప్రసారం ఆపి, కేబుల్ విప్పేసే అధికారం ఆ సమయంలో డ్యూటీలో ఉన్న ఎవరికైనా ఉండాలి. ఎవరినో అడిగి ఆపడానికి సమయం ఉండదు.

రేడియేషన్ వల్ల ప్రమాదమని ఊళ్లో భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

లెక్క చెప్పండి. అంతర్జాతీయంగా వాడే ఐసీఎన్ఐఆర్‌పీ (రేడియేషన్ రక్షణ నిపుణుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర సామాన్య ప్రజలకు పరిమితి చదరపు మీటరుకు 2 వాట్లు. 100 వాట్ల ఇ.ఆర్.పి. యాంటెనాకు ఎదురుగా రెండున్నర మీటర్ల దూరంలోనే ఆ స్థాయికి పడిపోతుంది. నేల నుంచి తిరిగొచ్చే తరంగాలను కలుపుకున్నా 5 మీటర్లు చాలు. 30 మీటర్ల మాస్టు కింద నిలబడ్డవారికి అందేది చాలా తక్కువ. ప్రమాదం ఉన్నది మాస్టు ఎక్కేవారికి. ట్రాన్స్‌మిటర్ ఆపి, ప్లగ్ తీసి, ఆ ప్లగ్‌ను ఎక్కేవారి జేబులో పెట్టుకోమనండి.

ఫ్రీక్వెన్సీ మనమే ఎంచుకోవచ్చా?

నియంత్రణ సంస్థే ఇస్తుంది, కానీ ఏది ఖాళీగా ఉందో మీరు చూసి చెప్పగలిగితే మంచిది. మీ పరిధిలోని ఏడెనిమిది చోట్ల, కనీసం వారం రోజులు, మిట్టమధ్యాహ్నమూ తెల్లవారుజామునా బ్యాండ్ మొత్తం విని రాసుకోండి. తెల్లవారుజామున వాతావరణం వల్ల వందల కిలోమీటర్ల దూరపు కేంద్రాలు కూడా లోపలికి వస్తాయి. పగలు ఖాళీగా కనబడిన చోటు అప్పుడు ఖాళీ కాదు. దగ్గర్లోని బలమైన కేంద్రానికి 10.7 మెగాహెర్ట్జ్ అటూ ఇటూ ఉన్న చోటు కూడా మంచిది కాదు. రేడియో సెట్ల లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీ అదే కావడంతో చవక సెట్లలో రెండూ కలిసిపోతాయి.

మోనోనా, స్టీరియోనా?

మోనో. స్టీరియోగా పంపితే అంతే స్పష్టతకు సుమారు 20 డెసిబెల్స్ బలమైన సిగ్నల్ కావాలి, అంటే అంచు ఊళ్లన్నీ హోరులో మునుగుతాయి. మాటలు, ఒకటే స్పీకర్ ఉన్న రేడియో సెట్లు మీ ప్రపంచమైతే స్టీరియోతో వచ్చేదేమీ లేదు.

## స్టూడియో, కరెంటు

స్టూడియోకు ఎలాంటి గది కావాలి? కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలా?

గుడ్ల అట్టలు బయటి శబ్దాన్ని ఆపవు. లోపలి ప్రతిధ్వనిని కూడా సన్నని శబ్దాల వరకే తగ్గిస్తాయి, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. మూడు మీటర్లు, నాలుగు మీటర్ల గది చాలు. రేకుల పైకప్పు కింద వద్దు, వానపడితే పని ఆగిపోతుంది. రోడ్డుకు, పిండి మిల్లుకు, మోటారు షెడ్డుకు దూరంగా ఉండాలి. గోడలకు మందపాటి బొంతలు, వాటి వెనక నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ, నేల మీద జంపఖానా, ఒక గోడకు పుస్తకాలు నిండిన అల్మరా. గది మధ్యలో చప్పట్లు కొట్టండి. టపీమని ఆగిపోవాలి, గలగలమంటూ కొనసాగకూడదు. తలుపు కింద సందును రబ్బరు పట్టీతో మూస్తే వచ్చే లాభం, గోడ మీద పెట్టే ఖర్చుకంటే ఎక్కువ.

మైకులు, మిక్సర్ ఏవి తీసుకోవాలి?

పూర్తిగా నిశ్శబ్దంగా ఉండని గదికి డైనమిక్ మైకులే సరైనవి. కండెన్సర్ మైకు పక్కింటి కుక్కను కూడా రికార్డు చేస్తుంది. మూడు మైకులు, ఒక్కోదానికి స్పాంజి తొడుగు, బరువైన స్టాండు, ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (బయటి మోతను తక్కువగా పట్టే మూడు పిన్నుల మైకు కేబుళ్లు). నాలుగు మైకు ఇన్‌పుట్లు, కనీసం ఒక ఆక్స్ సెండ్ (ఎంచుకున్న శబ్దాలను విడిగా బయటికి పంపే దారి) ఉన్న మిక్సర్ చాలు. చెవులు మూసే హెడ్‌ఫోన్లు మూడు కొనండి, స్టూడియోలో స్పీకర్ మోగితే అది మైకులోకి వచ్చి కూత పెడుతుంది. బయట రికార్డింగుకు చేతిలో పట్టే రికార్డర్లు రెండు. మైకుకు నోటికి మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం, కొంచెం పక్కగా. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికిన ప్రతిసారీ గాలి దెబ్బ వినిపిస్తుంది.

మిక్సర్‌కు, ట్రాన్స్‌మిటర్‌కు మధ్య ఒక కంప్రెసర్-లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా అణిచే పరికరం) తప్పక ఉండాలి. అది లేకపోతే ఎవరో గట్టిగా నవ్వినప్పుడు ఫ్రీక్వెన్సీ విచలనం (మాటకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) ±75 కిలోహెర్ట్జ్ దాటిపోయి, శబ్దం చీలిపోయి, పక్క కేంద్రం మీద పడుతుంది.

స, శ పలికినప్పుడల్లా చెవుల్లో గుచ్చుకుంటోంది. మైకు పాడైందా?

మైకును మార్చకముందు ట్రాన్స్‌మిటర్‌లో ప్రీ-ఎంఫసిస్ (సన్నని శబ్దాలను ముందే పెంచి పంపే అమరిక) చూడండి. ఉత్తర అమెరికాలో అది 75 మైక్రోసెకన్లు, భారతదేశంలోనూ ఐరోపాలోనూ 50. 50 కోసం తయారైన రేడియోలు ఉన్నచోట 75 పెడితే సన్నని శబ్దాలు ఎక్కువగా వినిపిస్తాయి. అది సరిగానే ఉండీ గుచ్చుకుంటుంటే మైకును నోటికి ఇంకొంచెం పక్కకు జరపండి.

ప్రసారంలో సన్నగా గుయ్‌మని హమ్ వస్తోంది. ఎలా పోగొట్టాలి?

రెండు పరికరాలు రెండు వేర్వేరు ప్లగ్గుల ఎర్త్‌లకు కలిసి, మళ్లీ ఆడియో కేబుల్‌తో కూడా కలిసినప్పుడు ఎర్త్ లూపు ఏర్పడి ఈ హమ్ వస్తుంది. ముందు అన్ని ఆడియో పరికరాలను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ పోకపోతే కంప్యూటర్‌కు, మిక్సర్‌కు మధ్య ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎర్త్‌లు కలవకుండా శబ్దాన్ని మాత్రమే దాటించేది) పెట్టండి. లాప్‌టాప్ చార్జర్ తీయగానే హమ్ ఆగితే దోషం అక్కడే. ఏం జరిగినా ప్లగ్ ఎర్త్ పిన్‌ను తీసేయవద్దు, హమ్ పోవచ్చు గానీ మైకు పట్టుకున్నవారికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. టకటక మోత వస్తుంటే మాత్రం అది ఎవరి సెల్‌ఫోనో, మైకు కేబుల్ దగ్గర ఉందని అర్థం.

శ్రోతల ఫోన్లను ప్రసారంలోకి ఎలా తీసుకోవాలి?

ఫోన్ చేసినవాళ్లకు వాళ్ల గొంతే ఆలస్యంగా తిరిగి వినబడితే మాట్లాడలేరు. అందుకే ఫోన్‌లోకి వెనక్కి పంపే శబ్దంలో వాళ్ల గొంతు తప్ప మిగతావన్నీ ఉండాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు. మిక్సర్‌లో ఆక్స్ సెండ్‌ను ఫోన్ ఇంటర్‌ఫేస్‌కు పంపి, ఫోన్ వచ్చే చానల్ మీద మాత్రం ఆక్స్ గుబ్బను సున్నాకు తిప్పండి. పలికే ముందు "మీ రేడియో తగ్గించండమ్మా" అని అడగడం అలవాటు చేసుకోండి. మొదటి ఏడాది ఫోన్లను ముందు రికార్డు చేసి తరువాత వేయడమే క్షేమం.

కరెంటు పోతుంటుంది. బ్యాటరీ ఎంత కావాలి?

50 వాట్ల ట్రాన్స్‌మిటర్ సుమారు 110 వాట్లు లాగుతుంది. మిక్సర్, లాప్‌టాప్, ప్రాసెసర్, రెండు లైట్లు, ఫ్యాను కలిపితే మొత్తం 300 వాట్లకు దగ్గరవుతుంది. నాలుగు గంటలకు 1200 వాట్-అవర్లు. ఇన్వర్టర్ నష్టం కలిపితే 1400. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 2800 కావాలి. అంటే 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, 1800 వాట్-అవర్లు చాలు. సోలార్ మీదే రోజుకు పది గంటలు నడపాలంటే, రోజుకు ఐదు గంటల మంచి ఎండ ఉన్నచోట 900 వాట్ల ప్యానెళ్లు వేసుకోవాలి.

కరెంటు పోవడంకంటే తిరిగి వచ్చే క్షణం ప్రమాదం. ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీ వస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కనెక్షన్ ఇచ్చే రిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఎడిటింగ్‌కు ఆడాసిటీ. పాటలు, కార్యక్రమాలు సమయానికి తమంతట తాము మోగడానికి విండోస్‌లో రేడియోడీజే, లైనక్స్‌లో లిబ్రేటైమ్ లేదా రివెండెల్. ఇవన్నీ డబ్బు కట్టనక్కర లేనివే. రికార్డింగు వేవ్ ఫార్మాట్‌లో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో ఉంచండి. నిమిషానికి దాదాపు 5 మెగాబైట్లు. ప్రసార కంప్యూటర్‌ను ఇంకెందుకూ వాడవద్దు, దానిలో ఆటో అప్‌డేట్ ఆపేయండి. మూల ఫైళ్లు రెండు వేరు హార్డ్‌డిస్కుల మీద, ఒకటి కేంద్రానికి బయట ఉండాలి.

## మనుషులు

ఎంతమంది వాలంటీర్లు ఉంటే కేంద్రం నడుస్తుంది?

రోజుకు నాలుగు గంటల ప్రసారానికి నికరంగా వచ్చేవాళ్లు 25 మంది. పేర్లు రాసుకున్నవాళ్లలో సగం మంది మొదటి మూడు నెలల్లో తగ్గుతారని అనుకుని 50 మందితో శిక్షణ మొదలుపెట్టండి. కొత్తగా నేర్చుకున్నవారికి ఒక అరగంట కార్యక్రమం తయారు చేయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. వాలంటీర్‌కు వారానికి ఐదు గంటలకు మించి పని చెప్పకూడదు. కాబట్టి మొదట్లో రోజుకు అరగంట కొత్త కార్యక్రమం చాలు, మిగతాది పునఃప్రసారమూ పాటలూ. తక్కువగా మొదలుపెట్టినా తప్పకుండా అదే వేళకు వచ్చే కేంద్రాన్ని జనం నమ్ముతారు.

చదువు రానివాళ్లు కార్యక్రమాలు చేయగలరా?

చేయగలరు, అదీ బాగా. తెలంగాణలోని మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. రేడియోకు కావలసింది వినే చెవి, అడిగే ధైర్యం. స్క్రిప్టు చదివించకండి. మూడు బొమ్మలు గీసిన చీటీ ఇస్తే దాన్ని చూస్తూ మాట్లాడతారు, మాట సహజంగా వస్తుంది. మిక్సర్ మీద ప్రతి చానల్‌కూ రంగు టేపు అతికించండి.

శిక్షణ ఎలా ఇవ్వాలి?

తరగతి గదిలో ఉపన్యాసాలు వద్దు. ఆరు వారాలు, వారానికి రెండు పూటలు. మొదటి పూటే రికార్డర్ చేతికిచ్చి బయటకు పంపండి. తిరిగొచ్చి అందరూ కలిసి విని, ఎక్కడ మాట వినబడలేదో వాళ్లే చెప్పాలి. క్రమం ఇలా ఉంటే బాగుంటుంది: వినడం, రికార్డింగు, అడిగే ప్రశ్నలు, ఎడిటింగ్, మిక్సర్, లైవ్. "అవునా?", "కదా?" అని ముగిసే ప్రశ్నలకు ఒక్క ముక్క జవాబే వస్తుంది. "ఎలా?", "తరువాత ఏమైంది?" అని అడగడం అలవాటు కావడానికే సగం శిక్షణ పోతుంది.

ఆరు నెలలకు ఉత్సాహం తగ్గి ఎవరూ రావడం లేదు. ఏం చేయాలి?

సాధారణంగా ఇద్దరు ముగ్గురి మీదే భారం పడుతోందని అర్థం. ప్రతి షిఫ్టుకూ జంటగా వేయండి, ఒకరు రాలేకపోయినా రెండోవారు ఉంటారు. ఎనిమిది వారాలకు ఒక వారం సెలవు తప్పనిసరి చేయండి. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లు ఇంటికి ఎలా వెళతారన్నది పట్టికలోనే రాసి ఉండాలి. దారి ఖర్చు వాలంటీర్ జేబు నుంచి పోకూడదు. తాళంచెవులు, పాస్‌వర్డులు ఒక్కరి దగ్గరే ఉండే కేంద్రం ఆ ఒక్కరు అలిగిన రోజున ఆగిపోతుంది.

## ప్రసారం

ఏ వేళల్లో ప్రసారం చేయాలి?

జనం ఇంట్లో ఉండే వేళల్లో. చాలా గ్రామాల్లో తెల్లవారాక రెండు గంటలు, సాయంత్రం పని ముగిశాక రెండు గంటలు. సాయంత్రం వేసినదే మరునాడు ఉదయం మళ్లీ వేయండి. పునఃప్రసారం తక్కువ పనేం కాదు. మొదటిసారి వినలేకపోయినవాళ్లే ఎక్కువ మంది ఉంటారు.

ఎవరైనా వింటున్నారని ఎలా తెలుస్తుంది?

ఫోన్ల సంఖ్య నమ్మకమైన కొలత కాదు, ఫోన్ చేసే అలవాటున్నవాళ్లే మళ్లీ మళ్లీ చేస్తారు. మూడు నెలలకోసారి ప్రసారం జరుగుతున్న వేళలోనే వీధుల్లో నడుస్తూ ఎన్ని ఇళ్లలో మీ కేంద్రం మోగుతోందో రాసుకోండి. ప్రతి ఊళ్లోనూ పది, పదిహేను మంది శ్రోతల బృందం ఒకచోట కూర్చుని విని చర్చించుకునే ఏర్పాటు చేయగలిగితే ఇంకా మంచిది. కెనడాలో 1941లో రైతుల కోసం మొదలైన ఫార్మ్ రేడియో ఫోరమ్ ఈ పద్ధతినే వాడింది. మహారాష్ట్రలో 1956లో యునెస్కో సాయంతో ఇదే పద్ధతిని ప్రయత్నించారు. బృందం అడిగిన ప్రశ్నకు మరుసటి వారం ప్రసారంలో జవాబు రావాలి. అలా రాకపోతే ఆ బృందం మళ్లీ కూర్చోదు.

స్థానిక వార్తలు చెప్పవచ్చా? వదంతులను ఎలా ఆపాలి?

ముందు మీ లైసెన్సు చదవండి. భారతదేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు తయారు చేయకూడదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా వేయవచ్చు. వాతావరణం, కరెంటు కోతలు, మార్కెట్ ధరలు, పరీక్షల తేదీల వంటి సమాచారం ఇవ్వవచ్చు.

విపత్తు సమయంలో ఒక నియమం పెట్టుకోండి: ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు చోట్ల నుంచి నిర్ధారణ కానిదే మైకు ముందుకు రాకూడదు. వదంతిని ఖండించేటప్పుడు దాన్ని పదేపదే చెప్పవద్దు, నిజం ముందు చెప్పండి. చెరువు కట్ట తెగిందన్న మాట గాలిలోకి వెళ్లిందంటే వెనక్కి రాదు. తప్పు దొర్లితే అదే కార్యక్రమంలో, అదే గొంతుతో, అంతే స్పష్టంగా సరిచేయాలి.

పెద్ద మనుషులు ఒత్తిడి చేస్తే?

కార్యక్రమాల నిర్ణయం ఒక కమిటీది అని ముందే కాగితం మీద ఉండాలి. అందులో ఆడవాళ్లు సగం మంది, ప్రతి కులం, ప్రతి వాడ నుంచి ఒకరైనా. డబ్బిచ్చినవారికి కమిటీలో ఓటు ఉండకూడదు. విమర్శకు గురైనవారికి జవాబు చెప్పుకునే సమయం ఇవ్వాలి. ప్రసారమైనదంతా లైసెన్సు చెప్పినంత కాలం రికార్డు రూపంలో దాచండి, వివాదం వచ్చినప్పుడు ఎవరేమన్నారో అదే తేలుస్తుంది.

సినిమా పాటలు వేయవచ్చా?

హక్కుదారుల అనుమతి, రుసుము లేకుండా వేయకూడదు. స్థానిక గాయకులవి మీరే రికార్డు చేసుకుని, ప్రసారానికీ పునఃప్రసారానికీ అనుమతి తీసుకోండి. చదవలేనివారి అనుమతిని రికార్డింగు మొదట్లోనే గొంతుతో తీసుకుంటే సరిపోతుంది: పేరు, తేదీ, దేనికి ఒప్పుకున్నారు.

## నడుస్తున్నాక

రేడియో హఠాత్తుగా ఆగిపోయింది. ముందు ఏది చూడాలి?

ఫోన్ చేసిన శ్రోతను ఒక్క ప్రశ్న అడగండి: "హోరు వస్తోందా, నిశ్శబ్దంగా ఉందా?" హోరు వస్తుంటే ట్రాన్స్‌మిటర్ పనిచేయడం లేదు. కరెంటు, ఫ్యూజు, ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు, వేడి అన్న క్రమంలో చూడండి. నిశ్శబ్దంగా ఉంటే ట్రాన్స్‌మిటర్ బాగానే ఉంది, మాట దానిదాకా చేరడం లేదు. కంప్యూటర్ ఆగిందా, మిక్సర్ మెయిన్ ఫేడర్ (మొత్తం శబ్దాన్ని పెంచే, తగ్గించే జారుడు మీట) కిందికి ఉందా, ట్రాన్స్‌మిటర్ వెనక ఆడియో కేబుల్ వదులైందా చూడండి. ఈ రెండు దారులను పెద్ద అక్షరాలతో రాసి ట్రాన్స్‌మిటర్ పక్క గోడకు అతికించండి.

ఏ పనులు ఎంత తరచుగా చేయాలి?

రోజూ ఫార్వర్డ్ పవర్ (యాంటెనా వైపు వెళ్లేది), తిరిగొచ్చే పవర్, ఉష్ణోగ్రత పుస్తకంలో రాయాలి. మెల్లగా పెరుగుతున్న లోపం ఆ అంకెల్లోనే ముందు కనబడుతుంది. నెలకోసారి ఫ్యాను ఫిల్టరు దుమ్ము దులపాలి, వేడికి చచ్చే ట్రాన్స్‌మిటర్లలో ఎక్కువ భాగం దుమ్ము వల్లే. లెడ్ యాసిడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ నీళ్లు చూడాలి. గాలివాన తరువాత ప్రతిసారీ గై వైర్ల (మాస్టును పట్టి నిలిపే తీగల) బిగువు, వాటిని బిగించే టర్న్‌బకిల్ మరల లాకు తీగలు చూడాలి. ఏడాదికోసారి మాస్టు ఎక్కి కనెక్టర్లు, తుప్పు పరీక్షించాలి. ఎక్కేది శిక్షణ ఉన్నవారు, ఒళ్లంతా పట్టి ఉంచే హార్నెస్‌తో, కింద ఇంకొకరు ఉండగా మాత్రమే.

అదనంగా ఏ సామాన్లు దగ్గర ఉంచుకోవాలి?

ఒక ఎక్సైటర్ (ప్రసార సిగ్నల్ పుట్టించే భాగం) లేదా చిన్న ట్రాన్స్‌మిటర్, ఎన్-టైపు కనెక్టర్లు నాలుగు, ట్రాన్స్‌మిటర్ పవర్ సప్లై ఒకటి, ఫ్యాన్లు రెండు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు నాలుగు, ఫ్యూజులు, డమ్మీ లోడ్, ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు. పట్టణానికి వెళ్లి తెచ్చేలోపు మూడు రోజులు మూగబోతే, తిరిగి శ్రోతను తెచ్చుకోవడానికి నెల పడుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకే దాత మీద నిలబడిన కేంద్రాలు ఆ నిధి ముగిసిన ఏడాదే మూతబడతాయి. ఆదాయంలో ఏ ఒక్క చోటి వాటా మూడో వంతు దాటకుండా చూడండి: సభ్యత్వ రుసుము, శుభాకాంక్షల ప్రకటనలు, అనుమతి ఉన్నంతలో స్థానిక వ్యాపార ప్రకటనలు, ప్రభుత్వ శాఖల ప్రచారం, రికార్డింగు అద్దె. నెలవారీ ఖర్చుల్లో కరెంటు, ఇంటర్నెట్, దారి ఖర్చులు, లైసెన్సు రుసుముతోపాటు పరికరాల మార్పిడి నిధి అనే పద్దు కూడా తప్పక ఉండాలి. బ్యాటరీలు మూడు నాలుగేళ్లకు, లాప్‌టాప్ ఐదేళ్లకు మార్చక తప్పదు. ప్రతి మూడు నెలలకు వచ్చిన డబ్బు, ఖర్చు అయిన డబ్బు రేడియోలోనే చదివి వినిపించండి.